నా వేషం స్టాండుకిచ్చారు

అక్క టీవీలో వార్తలు చెబుతుంటే వాన కూడా కాసేపు ఆగి వినేది. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ వాన ఆగింది నా నెత్తిమీదే. ఇరవై రెండేళ్లు ఆమె కెమెరామన్ని నేను. తోడబుట్టిన అక్క కాదు, అంతకంటే ఎక్కువనుకున్నాను.

మాదొక పద్ధతి. లైవుకి ముందు కెమెరా పక్కన మూడు వేళ్లు చూపిస్తాను. ఒక్కొక్కటే ముడుస్తాను. ఆఖరిది ముడిస్తేనే అక్క నోరు తెరుస్తుంది. "ఆ వేలు లేకపోతే నాకు మాట రాదు తమ్ముడూ" అనేది. పెద్ద వరదప్పుడు పీకల్లోతు నీళ్లలో నిలబడ్డాం. నా చొక్కా జేబులో రెండు చేపలు కాపురం పెట్టాయి. అయినా వేళ్లు తడవనివ్వలేదు.

సినిమావాళ్లకీ అక్కే కావాలి. హీరో జైల్లోంచి తప్పించుకున్నా, ఆకాశంలోంచి రాక్షసులు దిగినా, తెరమీద ఆ వార్త చదవాల్సింది అక్కే. అలా పద్నాలుగు సినిమాలు. కనబడకపోయినా అన్నిట్లో వేలు నాదే.

చివరికి అక్క జీవితం మీదే సినిమా తీశారు. "నీ వేషం కూడా ఉంది తమ్ముడూ, కథంతా దగ్గర కూర్చుని నేనే చెప్పాను" అంది. ఇంకేం, మొదటాటకే మా ఆవిణ్ణి, అత్తగారిని, బావమరిదిని, వాళ్ల పక్కింటివాళ్లని తోలుకెళ్లి రెండు వరుసలు నింపేశాను.

వరద సీనొచ్చింది. నీళ్లలో అక్క వేషం కట్టిన అమ్మాయి. ఎదురుగా మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా. వెనక మనిషి లేడు.

"కెమెరామన్ పారిపోయాడు! ఒంటరిగానే చెబుతా!" అని అరిచిందా అమ్మాయి. హాలంతా చప్పట్లు.

బావమరిది నా చెవి దగ్గరకొచ్చాడు. "బావా, ఆ మూడు కాళ్లలో నీవి ఏ రెండు?"

"నోరుముయ్యరా" అంది మా ఆవిడ. తర్వాత మెల్లగా, "ఆ వరదకి మీకు పదకొండు రోజులు జ్వరం. తడిగుడ్డ వేసింది నేను" అంది.

మర్నాడు మేకప్ గదిలో అక్కని అడిగాను.

"నేను పారిపోయానని ఎవరు చెప్పారక్కా?"

"నేనే. పక్కన మనిషుంటే నా ధైర్యం కనబడదట. సినిమానే కదా, దానికింత మొహం పెట్టాలా? పద, లైవుకి టైమైంది."

ఆ లైవు కూడా సినిమా గురించే. కెమెరా పక్కన మూడు వేళ్లెత్తాను. ఒకటి ముడిచాను. రెండోదీ ముడిచాను. మూడోది ముడవలేదు. మాట ఎలా వస్తుందో చూద్దామని స్తంభంలా నిలబెట్టాను.

అక్క ఆ వేలికేసి చూసింది. ఒక్క ఊపిరి తీసుకుంది. వేలి పక్కనించి నేరుగా కెమెరాలోకి చూసి నవ్వింది.

"నమస్కారం. ఆ రోజు వరదలో నేను ఒంటరిదాన్ని..."

గడగడా చెప్పుకుపోయింది. ఒక్క తడబాటు లేదు. నా వేలు అలాగే ఉండిపోయింది.

చేపలు రెండు కావు లెండి, ఒకటే. అదీ జేబులోకి రాలేదు, పక్కనించి పోయింది. వేలి సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే చెప్పాను.