అత్తయ్య ఎవరి దగ్గర?

పెళ్లయి పదిహేనేళ్లు దాటాక దర్జీ, ఆమె భర్త విడిపోదామనుకున్నారు. కొత్తగా గొడవేమీ జరగలేదు. గొడవపడే ఓపిక ఇద్దరికీ అయిపోయింది, అంతే. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏ సంగతైనా తనలో తాను తేల్చేసుకుని, ఇంట్లో ఎప్పటికో చెప్పే మనిషి. ఆయన కంపెనీ మారిన విషయం, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ చెబితే ఆమెకు తెలిసింది. ఆమేమీ తక్కువ తినలేదు. కోపమొస్తే మాట మానేసేది, వారాల తరబడి. పిల్లలు లేరు. చివరికి ఇద్దరూ ఒకే వాటాలో ఉంటున్న అద్దెవాళ్లలా తయారయ్యారు.

మధ్యలో నలిగింది అత్తయ్య. ముందుగదిలోనే కుట్టు దుకాణం. మిషను పక్కన స్టూలు మీద, వినబడే చెవి కోడలి వైపు పెట్టుకుని కూర్చుని, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేదీ ఆవిడే.

విడాకుల అర్జీ పెట్టగానే కోర్టు వాళ్లను మధ్యవర్తి దగ్గరికి పంపింది. అక్కడ తప్పెవరిదో తేలుస్తారనుకుంది దర్జీ. ఒక్క మెట్టు కూడా దిగొద్దని వాళ్లన్నయ్య నూరిపోసి పంపాడు. తీరా వెళ్తే చిన్న గది, గుండ్రటి బల్ల, మూడు కుర్చీలు. మధ్యవర్తి నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ.

"నేను జడ్జిని కాను. తప్పొప్పులు తేల్చను. కలిసుండమనీ అనను, విడిపొమ్మనీ అనను. ఇక్కడ మాట్లాడుకున్నది నా నోటి నుంచి కోర్టుకు పోదు. మీరిద్దరూ ఒప్పుకున్నది మాత్రమే కాగితమెక్కుతుంది. కుదరకపోతే కోర్టు ఎలాగూ ఉంది" అంది.

సామాను పంపకం ఇట్టే తేలిపోయింది. దుకాణం నడవాలి కాబట్టి ఇల్లు ఆమెకే వదిలేస్తానన్నాడు. తనకు బస్సు డిపో దగ్గర గది దొరికిందట. అది కూడా ఆమెకు అక్కడే తెలిసింది. "అమ్మను నేను తీసుకెళ్తాను" అన్నాడు చివర్లో, పనిముట్ల పెట్టె గురించి చెప్పినంత తేలిగ్గా.

ఆమె తలూపింది. ఆయన వైపు మాత్రం చూడలేదు. మధ్యవర్తి అది గమనించి, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతానంది.

ఆయన బయటికెళ్లాక దర్జీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆయన వెళ్లిపోతారంటే నాకు బెంగ లేదండీ. అత్తయ్య లేకపోతే ఎలా ఉండాలో తెలియట్లేదు. కానీ ఆవిడ ఆయన కన్నతల్లి. అడగడానికి నేనెవరిని?"

"అడిగితే తప్పేం లేదమ్మా. నన్ను చెప్పమంటారా, మీరే చెప్తారా?"

ఇన్నేళ్లూ నోరు మూసుకుని తాను సాధించినది ఆమెకు ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. నేనే చెప్తానంది. ఆయన్ని లోపలికి పిలిచాక, అత్తయ్యను తన దగ్గరే ఉండనివ్వమని అడిగింది.

ఆయన ముఖం మాడిపోయింది. "పెళ్లాం పోయినా అమ్మ ఉంటుందనుకున్నా. అదీ నీకే కావాలా?"

ఆయనకు అంత బాధ ఉంటుందని ఆమె అనుకోలేదు. మధ్యవర్తి, ఈ సంగతి ఆ తల్లిని ఎవరైనా అడిగారా అంది. మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అడగలేదు.

తర్వాతి సమావేశానికి అత్తయ్య కూడా వచ్చింది. మంచి చెవి అందరి వైపు ఉండేలా కుర్చీ జరుపుకుని, తాపీగా అంది: "విడాకులు మీ ఇద్దరివీ. నాకూ కోడలికీ ఎవరిచ్చార్రా?"

మధ్యవర్తి నవ్వింది. కొడుకు పెదవులు కూడా కాస్త కదిలాయి.

"నీ దగ్గరికొస్తే నువ్వు డ్యూటీకి, నేను గోడలకి. కోడలి దగ్గరైతే నాలుగు గుండీలు కుట్టుకుంటా, నలుగురితో మాట్లాడతా. నీ మీద ప్రేమ లేక కాదు నాన్నా." తర్వాత ఇద్దర్నీ కలిపి చూసింది. "ఇంకో మాట. ఇన్నాళ్లూ మీ కబుర్లు మోసి మోసి అలిసిపోయాను. ఇకమీదట ఎవరి మాట వాళ్లే చెప్పుకోండి."

ఇద్దరూ తల దించుకున్నారు.

ఆయన పెళ్లాం వైపు తిరిగాడు. మా అమ్మను చూడాలంటే నీ అనుమతి తీసుకోవాలా అని అడిగాడు.

"అనుమతి కాదు, ఒక్క ఫోను చాలు. మునుపటిలాగే తలుపు తోసుకొచ్చేస్తే, మనం విడిపోయామని నాకెలా అనిపిస్తుంది?" అంది ఆమె.

ఆ మాట ఆయనకు నచ్చకపోయినా అర్థమైంది. ఆదివారాలు అమ్మ ఆయన గదిలో గడిపేటట్టు, మందులూ డాక్టరూ ఆయన చూసుకునేటట్టు కుదిరింది. కాగితం రాసే ముందు ఆయనే ఇంకొకటి కలపమన్నాడు: అమ్మకు సంబంధించి ఏ నిర్ణయమైనా ముందు రెండోవాళ్లకు చెప్పాలి, పైవాళ్ల నోట తెలియకూడదు. దర్జీ ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. ఈ షరతేదో పెళ్లినాడే రాసుకుని ఉండాల్సిందనిపించింది. పైకి అనలేదు.

జడ్జి ఆ ఒప్పందం చదివి, ఎవరి బలవంతమూ లేదు కదా అని ఇద్దర్నీ విడివిడిగా అడిగి, ఆలోచించుకోవడానికి గడువిచ్చాడు. గడువు తర్వాతా ఇద్దరిదీ అదే మాట. విడాకులు వచ్చాయి. ఊపిరి పీల్చుకుంటాననుకున్న దర్జీకి, తిరుగు బస్సులో ఏడుపు ఆగలేదు. అత్తయ్య ఊరుకోమని అనలేదు. దిగేదాకా కోడలి చెయ్యి వదల్లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన ఫోను చేసి వచ్చాడు. అత్తయ్య తెమలడానికి ఆలస్యమైతే, దుకాణంలో బల్ల మీద కూర్చున్నాడు. వాళ్లమ్మకు కొత్త చెవిమిషను చూశానని, కొనేముందు చెబుదామని ఆగానని అన్నాడు. బరువెంత ఉంటుంది, చెవి నొప్పెడుతుందా అని ఆమె అడిగింది. అంత మామూలుగా మాట్లాడుకుని వాళ్లకు ఎన్నేళ్లయిందో.

కొలతలివ్వడానికి వచ్చిన కొత్తావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎవరండీ?" అంది.

దర్జీ టేపు పట్టుకుని ఒక్క క్షణం తడుముకుంది. "మా అత్తగారబ్బాయి" అంది.

కొత్తావిడకు లెక్క కుదరక నుదురు చిట్లించింది. ఆయన మాత్రం ముఖం కిటికీ వైపు తిప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. దర్జీ కూడా నవ్వాపుకుంటూ, చెయ్యి చాపమని కొత్తావిడకు చెప్పి, కొలతలు తీసుకోసాగింది.