బాతులకు తెలిసిన కోటు

మే నెల వచ్చిందంటే మా స్కార్వోయ దీవిలో ఎవరూ గట్టిగా తుమ్మరు కూడా. ఈడర్ బాతులు సముద్రంలోంచి ఒడ్డుకెక్కి, మేం రాళ్ళతోనూ కొట్టుకొచ్చిన చెక్కలతోనూ కట్టిపెట్టిన గూళ్ళలో దూరి గుడ్లు పొదుగుతాయి. పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా దీవి వాటిదే. తర్వాత గూళ్ళలో అవి వదిలిపోయే మెత్తటి నూగు ఈకలే మాకు ఆదాయం. కుక్కల్ని అవతలి ఒడ్డున చుట్టాలిళ్ళలో దించి వస్తాం. పరుగెత్తం, కేకలు వెయ్యం, కొత్త బట్టలు కట్టం. బాతు ఒక్కసారి బెదిరి లేచిందంటే గుడ్లు వదిలేసి పోతుంది, మరుసటేడు కూడా ఆ గూటివైపు చూడదు. మా తాతల కాలంలో ఒకాయన కొత్తగా కొన్న ఎర్రటోపీ పెట్టుకుని నడిచి ఏడు గూళ్ళు ఖాళీ చేయించాడు. ఆ ఇంటివాళ్ళను ఇప్పటికీ ఎర్రటోపీ వాళ్ళనే అంటాం. మా మేయరు టోర్గేర్ ఆ ఇంటివాడే.

మా వదిన బోర్గిల్డ్ కాపలాలో నలభై ఒక్క గూళ్ళున్నాయి. అంతకుముందు వాటిని చూసుకున్న మా అన్న సిగ్వాల్డ్ నాలుగేళ్ళ కిందటి చలికాలంలో పోయాడు. ఆ మేలో వదిన తన కోటు వేసుకుని గూళ్ళ దగ్గరికెళ్తే ఒకేసారి ఆరు బాతులు లేచిపోయాయి. ఇంటికొచ్చి ఆ పూటంతా ఏడ్చింది. మర్నాడు అన్న కోటు తొడుక్కుని వెళ్ళింది. మోకాళ్ళదాకా వేలాడే బూడిదరంగు ఉన్నికోటు, దాన్నిండా తారు, పొగాకు, చేపల కంపు. ఒక్క బాతూ కదల్లేదు. అప్పట్నుంచి అది లేకుండా వదిన గూళ్ళవైపు అడుగెయ్యలేదు, దాన్ని ఉతకనూ లేదు.

"ఒక్కసారి నీళ్ళలో జాడించనా వదినా?" అని ఓసారి అన్నాను.

"ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది.

ఈ ఏడు జూన్ మొదట్లో టోర్గేర్ వచ్చాడు. మాటల్లో కాస్త పంచదార ఎక్కువైతే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"బోర్గిల్డత్తా, యాత్రికుల ఓడొకటి మన దగ్గర ఆగుతుందట. నలభై మంది. ఒక్క పూట. గూళ్ళు చూసిపోతారంతే."

"ఆ ఎర్ర జాకెట్లేసుకు తిరుగుతారే, వాళ్ళేనా?"

"ఓడవాళ్ళు ఊరికే ఇచ్చారత్తా. తప్పిపోతే మంచులో కనబడాలని ఎరుపు."

"జూన్‌లో మంచెక్కడిదిరా? మీ తాత చేసింది చాల్లేదూ?"

టోర్గేర్ తల దించుకున్నాడు. "ఎవరూ రాని దీవికి రోజువారీ పడవ ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. పడవ ఆగిపోతే మనం డాక్టరు దగ్గరికి ఈదుకుంటూ పోవాలి."

వదిన మేకుకు వేలాడుతున్న కోటును ఓసారి తడిమింది. చివరికి ఒక్క షరతు పెట్టింది. ఒక్కొక్కరే రావాలి. ఎర్ర జాకెట్ తీసి మేకుకు తగిలించి, సిగ్వాల్డ్ కోటు తొడుక్కుని, ఆమె వెనకే నడవాలి.

అలాగే వచ్చారు. గుట్ట అవతలి రేవులో రబ్బరు పడవలు దిగి, చెవుల్లో చిన్న యంత్రాలు పెట్టుకుని, వాళ్ళను తెచ్చిన ఫ్లూర్ అనే పిల్ల గుసగుసలు వింటూ, గూళ్ళు లేని వైపుగా మా పెరటి గోడ దాకా వరసగా నడిచొచ్చారు. నా పని వాళ్ళకు కాఫీ, వాఫిళ్ళనే తియ్యటి అట్లు, గోధుమరంగు జున్ను అందించడం.

"ఈ వారమంతా ఏమేం చూశారు?" అని ఒకాయన్ని మెల్లిగా అడిగాను.

"తిమింగిలం తోక చూశాం. అది తోకేనని ఫ్లూర్ చెప్పింది" అన్నాడు. పాపం, ఆయనకు నమ్మకం చిక్కినట్టు లేదు.

మొదటివాడు కోటు తొడుక్కుని, వదిన వెనక వంగి నడిచి, మూడు బాతుల్ని చూసి వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ, "జీవితంలో మొదటిసారి నిశ్శబ్దం విన్నాను" అన్నాడు. వెంటనే ఆ కోటుతో ఫొటో తీయించుకున్నాడు. రెండోవాడు రెండు తీయించుకున్నాడు. పదోవాడికల్లా బాతులు ఎవరికీ పట్టలేదు, కోటు కోసమే వరస. కంపు పీల్చి, "ఆహా, ఎంత అసలైన వాసనో!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఒకాయనకు కోటు మరీ నచ్చింది. వదినను అడిగాడు, ఫ్లూర్ తర్జుమా చేసింది.

"ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"మా ఆయన దగ్గర."

"ఆయన కొట్టెక్కడ?"

"చర్చి వెనకాల."

"ఆదివారం తెరుస్తారా?"

వదిన అతనికేసి జాలిగా చూసి, ఇంకో వాఫిల్ ఇమ్మని నాకు సైగ చేసింది.

అందరికన్నా చివర ఊదారంగు జుట్టావిడ. ఆవిడ బాతుల్ని చూసి వచ్చేసరికి ఫ్లూర్ గడియారం చూసుకుని హడలిపోయింది. ఓడ బయల్దేరే వేళ దాటిపోతోంది. పదండి పదండి అంటూ అందర్నీ తోలుకుపోయింది. నేను కప్పులు కడిగి వచ్చి చూద్దును గదా, మేకుకు ఎర్ర జాకెట్ ఒకటి వేలాడుతోంది. కోటు లేదు.

వదిన మొహం తెల్లబోయింది. గుట్ట ఎక్కి చూస్తే ఊదాజుట్టావిడ కోటుతో సహా పడవెక్కుతోంది. అరుద్దామంటే అరవకూడదు. పరుగెడదామంటే పరుగెత్తకూడదు. గుట్ట ఇవతలి వాలంతా గూళ్ళే. నేనూ, వదినా, వాళ్ళను సాగనంపడానికొచ్చిన టోర్గేర్ ముగ్గురం ఒకరి పక్కన ఒకరం నిలబడి, "కోటు... కోటు..." అని గొంతు పెంచకుండా అంటూ చేతులూపాం. పడవల్లోవాళ్ళు ఎంత ముచ్చటపడ్డారో! నలభై మందీ లేచి నిలబడి చేతులూపారు, ఫొటోలు తీశారు. ఊదాజుట్టావిడైతే ముద్దులు కూడా విసిరింది.

సాయంత్రం టోర్గేర్ ఓడ కంపెనీకి ఫోను చేశాడు. పోయిన వస్తువులకో ఫారం ఉందట.

"కేబిన్ నంబరు రాస్తేగానీ ఫారం తీసుకోరటత్తా."

"నా కేబిన్ ఈ వంటగదేనని రాయి" అంది వదిన.

గుడ్లు పిల్లలవడానికింకా పన్నెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే గూళ్ళ మీద కాకులు తిరగడం మొదలెట్టాయి. కాపలా మనిషి కనబడకపోతే గుడ్లన్నీ వాటి పాలే. వదిన వంటింటి స్వెటర్‌తో గుమ్మంలో నిలబడి ఉంది, అడుగు పడటంలేదు.

"పోనీ నేను వెళ్ళనా?"

"నువ్వెళ్తే రాళ్ళు కూడా లేచిపోతాయి" అని, ఊపిరి బిగబట్టి తనే బయల్దేరింది.

నేను గోడ వెనక నక్కి చూశాను. మొదటి గూట్లో ఉండేది అన్నిటికన్నా ముసలి బాతు. మెడ నిటారుగా లేపింది. రెక్క కదిలింది. వదిన నిలబడిపోయింది. అది లేచిందంటే మిగతా నలభై దాని వెనకే.

అప్పుడు వదిన రోజూ అనే మాటే అంది. "ఏమే ముసలిదానా, నడుం పట్టేసిందా?"

బాతు మెడ దించి కళ్ళు మూసుకుంది.

వదిన నలభై ఒక్క గూళ్ళూ తిరిగింది. ఒక్కటీ లేవలేదు. తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. "నాలుగేళ్ళయ్యా! అవి ఆయన్నే చూస్తున్నాయనుకున్నా. నన్నే చూస్తున్నాయి" అంది. నాకూ కన్నీళ్ళాగలేదు.

ఆగస్టులో ఓడ కంపెనీ నుంచి పార్సిల్ వచ్చింది. మెరిసే కవర్లో కోటు. ఉతికి, ఇస్త్రీ చేసి, చిరిగిన జేబు కుట్టి, బంగారురంగు గుండీలు పెట్టి పంపారు. 'మీ సంప్రదాయ దుస్తులను పునరుద్ధరించాం' అని చీటీ. వదిన కాలర్లో మొహం పెట్టి అలాగే ఉండిపోయింది. పూల సబ్బు వాసన నాదాకా వచ్చింది. అన్న మా ఇంట్లోంచి నిజంగా వెళ్ళిపోయింది ఆ రోజే.

సరిగ్గా అప్పుడే టోర్గేర్ ఊడిపడ్డాడు. "శుభవార్తత్తా! వచ్చే ఏడు ఎనభై మందట!"

వదిన కోటు మడిచి వాడి చేతుల్లో పెట్టింది. "దీన్ని రేవులో మేకుకు తగిలించు. ఫొటోలు దిగి అట్నుంచటే పొమ్మను."

"మరి నీకత్తా?"

"నాకెందుకురా? ఇప్పుడది అచ్చం వాళ్ళదే. ఎవరి వాసనా లేదు."

మరుసటేడు ఎనభై మందీ వచ్చారు. రేవులో వరసగా నిలబడి కోటు తొడుక్కున్నారు, కళ్ళు తుడుచుకున్నారు, వాఫిళ్ళు తిన్నారు, ఓడెక్కారు. గుట్ట ఇవతల వదిన పాత స్వెటర్‌తో ముసలి బాతును నడుం నొప్పి గురించి అడుగుతోంది. బాతులెక్కడని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.