పొట్టేలు లేని రోడ్డు

మర్రిపాడు రోడ్డులో మందలోంచి ఎగిరొచ్చిన పొట్టేలొకటి జీపు మూతిని గుద్దింది. పొట్టేలు లేచి, తల విదిలించుకొని మళ్లీ మందలో కలిసిపోయింది. జీపుకు మాత్రం బానెట్ సొట్టపడి, ఎడమ లైటు పగిలింది. డ్రైవర్ కోటేశ్వర్ వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతను చేసిన తప్పు అదే.

"జీపేమో పగిలిందంట, పొట్టేలు నడిచిపోయిందంట! చెట్టును గుద్దేసి గొర్రెల మీద పెడతావుండావా?" అని జీపు యజమాని, కాంట్రాక్టరు దయాసాగర్ తాళంచెవి లాక్కున్నాడు. కోటేశ్వర్‌ను ఉంచాలా, తీసేయాలా తేల్చమని సంఘపెద్ద వరదయ్యను మధ్యస్థానికి పిలిచాడు.

పంచాయితీ ఆత్మకూరులో, దయాసాగర్ మేనల్లుడు జయపాల్ కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో జరిగింది. అక్కడ ఫ్యానుంది. అంతకన్నా ముఖ్యం, కారు గేముంది.

"పాత గేముల్లో కొండను గుద్దినా కారు బంతిలాగా ఎగిరి మళ్లీ ఉరికేది పెద్దయ్యా. ఇది అట్ల కాదు. ఎంత స్పీడుకు అంత సొట్ట. అద్దం పగలతాది, చక్రం వంకరపోతాది. అంతా ఫిజిక్సు," అన్నాడు జయపాల్.

ఫిజిక్సు అనేసరికి వరదయ్య కండువా సర్దుకొని కూర్చున్నాడు.

జయపాల్ మీటలు నొక్కాడు. తెర మీద కారు పోయి చెట్టును గుద్దింది. బానెట్ ముడుచుకుంది, ఎడమ లైటు రాలింది.

"అచ్చం మన జీపే!" అని దయాసాగర్ తొడ చరిచాడు.

"మన జీపు బయటనే ఉండాది గదా సార్, వచ్చి చూడండి. బంపర్లో బొచ్చు ఇంకా ఇరుక్కోనుండాది," అన్నాడు కోటేశ్వర్.

"ఆ ఎండలోకా?" అన్నాడు వరదయ్య.

"అయితే దీంట్లోనే ఒక పొట్టేలును గుద్దించండి."

జయపాల్ వెతికాడు. మంచుకొండలున్నాయి, సముద్రముంది, పెద్ద పెద్ద వంతెనలున్నాయి. పొట్టేలు లేదు.

"చూడు కోటీ," అన్నాడు వరదయ్య మెత్తగా. "అంత చదువుకున్నోళ్లు అన్నీ ఆలోచించి పెట్టుంటారు. రోడ్డు మీదికి పొట్టేలొచ్చేదే అయితే పెట్టకుండా ఉంటారా?"

"మనిషి లేడు, కుక్క లేదు, ఆరబోసిన సజ్జలు లేవు. అది రోడ్డెట్లయితాది పెద్దయ్యా?"

"వాదించొద్దురా," అన్నాడు దయాసాగర్, జయపాల్ మళ్లీ ఆడుతున్న తెర చూపిస్తూ. "రేపట్నుంచి మా జయపాల్ తోలతాడు. చూడు, ఈసారి గీత పడకుండా ఎట్ల పోతావుండాడో!"

జయపాల్ సైకిలెక్కాలన్నా ఇప్పటికీ అరుగు కావాలి. ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

వరదయ్య తీర్పు చెప్పబోయి గొంతు సవరించుకునేంతలో కరెంటు పోయింది. తెర మీది చెట్టూ కారూ, సాక్ష్యం మొత్తం మాయమైంది. ఫ్యాను ఆగింది. కాసేపటికే వరదయ్య చొక్కా వీపుకు అతుక్కుంది.

"నన్ను ఉదయగిరిలో దింపండయ్యా. సాయంత్రం ప్రార్థన కూడికుంది," అంటూ పోయి జీపెక్కాడు.

దయాసాగర్ తాళంచెవి మేనల్లుడికిచ్చాడు. జయపాల్ దర్జాగా కూర్చొని, కాళ్ల దగ్గరికి చూసి ఆగిపోయాడు.

"కోటేశ్వరన్నా, తొక్కేవి మూడుండాయేంది?"

వరదయ్య ఎక్కినంత తొందరగా దిగాడు.

"నేనింకా తీర్పు చెప్పలేదు గదా," అన్నాడు. "సాక్ష్యం సగంలో ఆగింది. కరెంటొచ్చినాక మిగతాది చూసి చెప్తా. అంతదాకా కోటీనే తోలనీ."

దయాసాగర్ మూతి ముడుచుకున్నాడు గానీ, తనూ పోవాల్సినవాడే కాబట్టి వెనక సీట్లో సర్దుకున్నాడు.

ఊరు దాటే చోట లైన్‌మన్ ఒకడు స్తంభమెక్కి తీగ బిగిస్తున్నాడు. కోటేశ్వర్ జీపు నెమ్మది చేసి తల బయటపెట్టాడు.

"ఏమన్నా, ఇంత ఎండలో ఏం అవస్థ! దిగి టీ తాగిరా పో. తొందరేముండాది?"