బెజ్జం లేని సూది

నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, సూదంటే నాకు భయమేమిటి? కుడి భుజం పట్టేసి కత్తెర ఎత్తలేకపోతుంటే, కోడలి పోరు పడలేక ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఏమైనా తిన్నారా? రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని ఆవిడ అడిగింది.

"తిన్నాను, ఏ మాత్రలూ లేవు. గుచ్చడానికి ఇన్ని ప్రశ్నలా?" అని కసిరాను.

"ఖాళీ కడుపుతో వస్తే కళ్లు తిరుగుతాయండీ" అంటూ కొత్త పొట్లం చించి సూది చూపించింది. వెంట్రుకంత సన్నం, బెజ్జమే లేదు! అది ఒంట్లోకి ఎప్పుడు దిగిందో కూడా తెలియలేదు. కాసేపటికి భుజం లోపల ఏదో బరువు మెల్లగా కదిలింది.

అరగంటకి ఆవిడ సూదులు తీసి లెక్కపెట్టి, "పన్నెండు పెట్టాను, పదకొండే ఉన్నాయి" అంది. కంగారుగా దుప్పటి దులిపింది, మంచం కింద వెతికింది. అప్పుడు తడుముకుంటే అది నా పైట అంచుకే ఉంది. మణికట్టు మీది సూదిని ఇందాక ఎడమచేత్తో నేనే పీకి, కొట్లో అలవాటు కొద్దీ గుచ్చేసుకున్నాను.

"మీరు తీయకూడదండీ, నన్ను పిలవాలి."

"తప్పయింది. పోనీ, ఇది నాకివ్వమ్మా, దాచుకుంటాను."

"ఒక మనిషికి ఒక్కసారికే" అని ఆవిడ దాన్ని డబ్బాలో పడేసింది.

నలభై ఏళ్లుగా వాళ్లవీ వీళ్లవీ కుట్టగా మిగిలిన ముక్కలతోనే నా బట్టలు కుట్టుకున్నాను. నా ఒక్కదాని కోసమే కొత్తగా విప్పినవి ఆ పన్నెండు సూదులే.