ఆగస్టు దాకా ఆగిన తాడు

మా వంటింటి కిటికీలోంచి ముసలమ్మ కనిపిస్తుంది. ఆ శిఖరాన్ని మా ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. పొద్దున లేవగానే నేను ముందు దాని వంకే చూస్తాను, పొయ్యి వెలిగించడం ఆ తర్వాతే. ఇంట్లో మనిషి అక్కడ ఉన్నా లేకపోయినా చూస్తాను.

ఆ ఏడు జూన్‌లో, మా మంచుకొండల్లో వేసవి మొదలవగానే, నా భర్త ఆన్సెల్మ్ మోకాళ్ళు చూసి డాక్టరు, సెప్టెంబరులో ఆపరేషన్ తప్పదన్నాడు. ఆ తర్వాత ఊళ్ళో తిరగొచ్చట గానీ మంచు ఎక్కడం కుదరదట. జనానికి కొండదారి చూపిస్తూనే జుట్టు నెరిసినవాడు. అంతా విని ఒక్కటే అడిగాడు: "ఈలోపు ఒక్కసారి ముసలమ్మ ఎక్కొచ్చా?"

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళింట్లో బిడ్డను మొదటిసారి ముసలమ్మ మీదికి తండ్రే తీసుకెళ్తాడు. ఒకటే తాడు, బిడ్డ ముందు, తండ్రి వెనక. ఆన్సెల్మ్‌ను వాళ్ళ నాన్న అలాగే ఎక్కించాడు. మా అమ్మాయి సెవరిన్ చదువనీ పట్నంలో ఉద్యోగమనీ ఏటేటా వాయిదా వేస్తూ వచ్చింది. డాక్టరు మాట విన్నాక సెలవు పెట్టి, కొత్త తాడు కొనుక్కుని మరీ వచ్చింది.

"జూలై మొదట్లోనే వెళ్దాం నాన్నా. మంచు గట్టిగా ఉంటుంది," అంది.

"దీవెన కాని తాడుతోనా?" అన్నాను నేను.

ఆగస్టు పదిహేనున, మరియమాత పండుగనాడు, మా ఫాదర్ చర్చి ముందు గైడ్ల తాళ్ళనూ మంచుగొడ్డళ్ళనూ మంత్రజలం చల్లి దీవిస్తారు. కొత్త తాడు కొన్నవాళ్ళందరూ అప్పటిదాకా ఆగుతారని కాదు. మా పెద్దన్న ఆగలేదు. శవమైనా దొరకలేదు; ఇప్పటికీ ముసలమ్మ మీద మెల్లగా జారే మంచునదిలోనే ఉన్నాడు. రాయి దొర్లింది, తాడు తప్పేం లేదని అందరూ అన్నారు. నేను నమ్మలేదు.

"అమ్మా, నీళ్ళు చల్లితే తాడు గట్టిపడుతుందా?"

"తాడు సంగతి నాకు తెలీదు. నా గుండె గట్టిపడుతుంది."

ఆన్సెల్మ్ నవ్వాడు. "ఆగుదాంలే తల్లీ. మీ అమ్మ బతికుంటేనే కదా, దిగొచ్చాక మనకి సూపు దొరికేది!"

పక్కింటి ఫిర్మెన్, అతనూ గైడే, కంచె మీంచి తల పెట్టాడు. "నువ్వు ఆగమంటే మంచు ఆగుతుందా నోయెమీ? ఈ ఎండకి ఆగస్టు నాటికి ముసలమ్మ పళ్ళన్నీ ఊడిపోతాయి."

"ముందు నీ నోట్లో ఎన్ని మిగిలాయో చూసుకో!" అన్నాను.

జూలై అంతా మండిపోయింది. కిటికీలోంచి చూస్తూండగానే తెలుపు బూడిదరంగుకు తిరిగింది. మధ్యాహ్నమైతే రాళ్ళు దొర్లే చప్పుడు ఊళ్ళోకి వినిపించేది. మంచు తగ్గితే పైనుంచి విరుచుకుపడేదీ తగ్గుతుంది, ఒకందుకు మంచిదే అనుకున్నాను.

పండుగనాడు ఫాదర్ మా తాడు దగ్గరికి రాగానే, "ఇంకాస్త చల్లండి ఫాదర్," అన్నాను. జనం గొల్లుమన్నారు.

మర్నాడు తండ్రీకూతుళ్ళు కొండమీది బసకు వెళ్ళి పడుకున్నారు. ఆ మరుసటి పొద్దున నేను దుర్భిణి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. బూడిదరంగు మంచు మీద రెండు చుక్కలు. ముందున్నది సెవరిన్. బీటలు వారిన చోటల్లా చుట్టూ తిరుగుతూ ఎక్కుతున్నారు. ఇప్పుడు పడతారు, ఇదిగో పడతారు అని పొయ్యి దగ్గరికి కూడా వెళ్ళలేదు.

మంచునది కొండరాతి నుంచి విడిపోయే చోట, గండి మీద, ఏటా ఒక మంచు వంతెన ఉంటుంది; శిఖరానికి అదొక్కటే దారి. జూలైలో దాని మీంచి ఆవుల్ని తోలుకెళ్ళొచ్చు. ఇప్పుడక్కడ నల్లటి నోరు తెరుచుకుని ఉంది. చుక్కలు ఎడమకు వెళ్ళాయి, కుడికి వెళ్ళాయి. చాలాసేపు కూర్చున్నాయి. తర్వాత వెనక్కి తిరిగాయి.

"తల్లీ మరియమ్మా, తిరిగారు!" అని శిలువ గుర్తు వేసుకుని సంతోషంగా సూపు పొయ్యి మీద పెట్టాను.

సాయంత్రం ఆన్సెల్మ్ వచ్చి గుమ్మం పక్కన బల్ల మీద కూలబడ్డాడు. వంగలేకపోతుంటే సెవరినే బూట్లు విప్పింది.

"వంతెన లేదు," అన్నాడు.

"గండి ఎంత ఉంది?" అడిగాను.

"మన కొట్టం పట్టేస్తుంది."

ఫిర్మెన్ వచ్చాడు. ఏదో ఒకటి అంటాడని నేను జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆన్సెల్మ్ పక్కన కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

"పోనీలే అమ్మా, తాడు మాత్రం చెక్కుచెదరలేదు," అంది సెవరిన్. నేను గిన్నెలు కడిగే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

ఆన్సెల్మ్ ఆ రోజుగానీ ఆపరేషన్ అయ్యాకగానీ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళు తిరిగి రాకపోతే ఎలా ఏడవాలో నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఇలా తిరిగొస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

మరుసటేడు జూన్‌లో సెవరిన్ మళ్ళీ వచ్చింది. పాత తాడు వదిలేసి, ఇంకో కొత్తది తెచ్చింది. దీవెన సంగతి నేను ఎత్తలేదు. ఫిర్మెన్‌తో కలిసి వెళ్ళింది.

ఆన్సెల్మ్ చేతికర్ర గోడకానించి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. దుర్భిణి అతనికే ఇచ్చాను.

"వంతెన నిండుగా ఉంది," అన్నాడు చాలాసేపటికి. "దాటారు."

"ముందు ఎవరున్నారు?"

దుర్భిణి దించి అద్దాలు చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఫిర్మెన్," అన్నాడు.