ఆయన ఫోనులో ఆమె బరువు

"ఏడువందల గ్రాములు ఎక్కినావే, లోకా!"

మాట పడకగదిలోంచి వచ్చింది. లోకేశ్వరి ఇంకా స్నానాలగది బయట, బరువు చూసుకునే గాజు పలక మీదనే నిలబడి ఉంది. కళ్లజోడు లేకుండా ఆ చిన్న అంకెలు ఆమెకి కనబడవు. వంగి, కళ్లు చికిలించి చూసేలోపలే అక్కడ మొగుడి ఫోను మోగుతుంది, ఆయన చదివేస్తాడు. తన ఒంటి బరువు తనకంటే ముందు ఆయనకి తెలియడం మూడు నెలలుగా ఆ ఇంట్లో మామూలైపోయింది.

"ఎందుకు ఎక్కిందంటావ్?" కాఫీ గ్లాసు అందుకుంటూ అడిగాడు రాజ్‌మోహన్. "నిన్న నాకు తెలియకుండా ఏమన్నా నోట్లో వేసుకున్నావా?"

"లేదు బావా."

"మరి ఊరికే ఎక్కుతుందా? మిషన్‌కి నీతో ఏం పగ?"

నవ్వుతూనే అన్నాడు. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు, ఆమెకి కష్టం అదే. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనొచ్చు. నవ్వుతూ అన్నదానికి ముఖం మాడ్చుకుంటే "తమాషాకి అంటే తెలియదా" అన్న రెండో మాట కూడా పడాలి.

నిన్న మదురై దగ్గర వాడిపట్టిలో ఆడబిడ్డ బృంద గృహప్రవేశం. లోకేశ్వరి తిన్నది రెండు ఇడ్లీలు, ఆకు మూలన కాస్త పొంగలి. జిలేబీ పళ్లెం తన ఆకు దాకా వచ్చేసరికి పంక్తి అవతలనించి బృంద కేక పెట్టింది: "మా వదినకి వేయొద్దు సామీ, రేపు పొద్దున మిషన్ చెప్పేస్తుంది!" వడ్డించేవాళ్లతో సహా అందరూ నవ్వారు. లోకేశ్వరి కూడా నవ్వింది. జిలేబీ మీద ఆమెకి అంత ఆశ కూడా లేదు. కానీ తన ఆకు మీదికి రాబోయి ఆగిపోయిన ఆ చెయ్యి, కోయంబత్తూరు చేరేదాకా కారులో ఆమె కళ్లముందునించి పోలేదు.

బరువు తగ్గాలని మొదట అనుకున్నది ఆమే. మోకాళ్లు నొప్పి, చక్కెర జబ్బు అంచుకి వచ్చింది, వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చుంటే లేవడానికి గోడ వెతుక్కోవాలి. ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి అంతా వివరంగా చెప్పింది. "బరువు వారానికి ఒక మారు చూసుకుంటే చాలు మేడం. ఒకే రోజు, ఒకే వేళకి. మధ్యలో నీళ్లకీ ఉప్పుకీ అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. కొంతమందికి రోజూ చూసుకుంటేనే పట్టు దొరుకుతుంది, కొంతమందికి మనసు పాడవుతుంది. మీకు ఏది మంచిదో మీరే చూసుకోండి."

మీరే చూసుకోండి అన్న మాట ఆసుపత్రి మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. "ఆ పిల్లకి ఏం తెలుసు?" అన్నాడు రాజ్‌మోహన్ కారు తీస్తూ. ఆయనకి కోయంబత్తూరు అంచున తుడియలూరులో, ఇంటికి దగ్గరలోనే, పంపుల వర్క్‌షాపు. "టెస్ట్ బెడ్ మీద పెట్టిన మోటారుకి వారానికి ఒక మారు గేజి చూస్తామా? ఎన్ని మార్లు చూస్తే అంత మంచిది." మరుసటి వారమే ఈ గాజు పలక ఇంటికి వచ్చింది. ఇంటి వైఫైతో కలిపి తన ఫోనులోనే పెట్టుకున్నాడు. వర్క్‌షాపులో ఉన్నా సరే, ఆమె ఎక్కిన మరుక్షణం ఆయనకి తెలుస్తుంది. తెలిసినదాన్ని ఇంటివాళ్ల వాట్సాప్ గుంపులో పెడతాడు. ఆ గుంపులో ఎవరికీ తెలుగు రాయడం రాదు, బడిలో చదివింది తమిళం. ఇంట్లో మాట్లాడే తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తగ్గిన రోజు చప్పట్ల బొమ్మలు. ఎక్కిన రోజు మదురైనించి బృంద, "ఏం వదినా, రాత్రి వంటింట్లో దొంగ పడినాడా?"

అట్లా అట్లా లోకేశ్వరి రోజు అంకెతో మొదలవడం నేర్చుకుంది. తగ్గితే ఆ రోజు ఆమె మంచిది, ఎక్కితే అపరాధి. సాయంత్రంనించి నీళ్లు తాగడం మానేసింది, పొద్దుటికి కాస్త తేలిక చూపిస్తుందని. తలనొప్పి వస్తే మాత్ర కూడా గుక్కెడు నీళ్లతోనే. గాజులు తీసి పెట్టి ఎక్కేది. ఇంత చేసి అడుగు పెడితే ఆ అంకెకి తెలిసేదేముంది? వర్క్‌షాపు వాళ్లకి రెండు పూటలా టీ కాచి పంపుతుందని తెలియదు. మిద్దె మీదికి తడిబట్టల బకెట్టు మోసుకెళ్లేటప్పుడు ఈ మధ్య నడుమ ఆగడం లేదని తెలియదు. పోయిన వారం ముగ్గు ముందు గొంతుక్కూర్చుని, గోడ వెతక్కుండా లేచింది. లేచి అటూ ఇటూ చూసింది, ఎవరికైనా చెబుదామని. ఆ రోజు అంకె రెండువందల గ్రాములు ఎక్కువ చూపించింది కనుక ఆ సంతోషం నోట్లోనే ఉండిపోయింది.

రాజ్‌మోహన్ వర్క్‌షాపుకి వెళ్లాక ఆమె టిఫిన్ తినలేదు. వంటింటి గడప మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తుంటే, తాయమ్మాళ్ గోడ పట్టుకుంటూ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. అత్తగారే గాని, ముందు ఆమె లోకేశ్వరికి సొంత మేనత్త, నాన్న తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు మేట్టుపాళయంనించి వచ్చేటప్పుడు వక్కతోటలో పండిన అరటిపళ్లు పట్టుకొచ్చే అత్త, పెళ్లయ్యాక మాత్రం "మా తమ్ముడి కూతురని తెచ్చుకున్నా, కూడు ఒండడం కూడా నేనే నేర్పించాల్సి వచ్చింది" అని నలుగురిలో అనేది. ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. మాటలు తగ్గాయి.

"ఏమిటికి ఏడ్చినావు అమ్మణి?"

"ఏడవలేదత్తా, వెల్లుల్లి."

"వెల్లుల్లికి ఎవరేడుస్తారు? ఉల్లిగడ్డ అనన్నా చెప్పు." బోసినోటితో నవ్వింది. "రోజూ చూస్తాండాను. ఆ పలక మీద ఎక్కేటప్పుడు ఒక ముఖం, దిగేటప్పుడు ఒక ముఖం. అంతగా ఏముండాది దాంట్లో? నన్నూ ఎక్కించు, చూస్తాను."

లోకేశ్వరికి నవ్వొచ్చింది. మూడు నెలల్లో ఆ పలక గురించి మనసారా నవ్వడం అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఎక్కించింది. "గోడ వదులత్తా. పట్టుకుంటే సరిగా రాదు." ముసలమ్మ భయంగా చెయ్యి తీసి, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, తొట్రుపడే పసిపిల్లలా నిలబడింది. లోకేశ్వరి కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

ముప్పయి ఏడు కిలోలు.

దించి, మళ్లీ ఎక్కించింది. అదే. పోయిన ఏడు కంటి ఆపరేషన్‌కి ముందు నర్సు చూసినప్పుడు నలభై ఐదు. పక్కన నిలబడి విన్నది తనే.

"మిషన్ తప్పు చూపిస్తోందత్తా."

"దాన్నేమీ అనకు, సరిగానే చెప్పింది" అంది తాయమ్మాళ్, దిగి గోడ పట్టుకుంటూ. "రవికెలు మూడు మార్లు బిగించి కుట్టుకున్నాను. ఇంక కుట్టడానికి గుడ్డ లేదు."

"చెప్పొచ్చు కదా!"

"ఏం చెప్పేది కణ్ణు? నీవు కంబు రొట్టెలు చేస్తాండావు, పచ్చి కాయలు కోసి పెడతాండావు. నాకు పళ్లేవి? రెండు మార్లు నమిలి ఆకు మీదే వదిలేస్తాను. మెత్తగా కూడు ఒండమని అడుగుదామనుకుంటే, రాజా చెప్పినాడు కదా, అమ్మణి తగ్గేదాకా ఇంట్లో అన్నం ఒద్దు, వాసన వస్తే దానికి ఆశ పుడుతుంది అని. నీవు అంత పట్టుగా ఉండావు. దాన్ని నేను ఎందుకు చెడుపుతాను? ముసలిదాన్ని, ఎంత తింటే ఏముండాది."

లోకేశ్వరి అక్కడే కూర్చుండిపోయింది. అన్నం ఒద్దన్న మనిషి మధ్యాహ్నం వర్క్‌షాపు దగ్గర మెస్సులో తిని వస్తాడు. చెప్పినమాట విన్నది ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు. అత్త ఆకు మీద మిగిలిన సజ్జరొట్టె ముక్కల్ని రోజూ తీసి పారేసింది తన చేతులే. వయసు, ఆకలి తగ్గింది, అనుకుంది. తను గ్రాములు లెక్కపెట్టుకుంటూ ఉంటే, పక్కగదిలో ఒక మనిషి కిలోలకి కిలోలు కరిగిపోయింది. ఆమె రవికె కుట్టుకుంటూ ఉంటే దారం సూదిలోకి ఎక్కించి ఇచ్చింది కూడా తనే. ఏమిటికత్తా అని అడగలేదు. ఇంట్లో చూడాల్సిన ఒళ్లు ఒకటే అని అందరూ అనుకున్నారు. తను కూడా.

లేచి పొయ్యి మీద అన్నానికి నీళ్లు పెట్టింది. రెండు గ్లాసుల బియ్యం కడిగింది. వెల్లుల్లి దంచి రసంలో వేసింది. అన్నం ఉడికే వాసన మూడు నెలల తరవాత ఇల్లంతా పాకుతుంటే బల్ల మీద ఫోను ఆగకుండా మోగింది.

రాజ్‌మోహన్ గుంపులో పలక అంకె బొమ్మ పెట్టాడు, కింద రాశాడు: "తుడియలూరులో అద్భుతం! పొద్దున డెబ్బయ్యారు, ఇప్పుడు ముప్పయి ఏడు!" బృంద పొట్ట పట్టుకుని నవ్వే బొమ్మలు పెట్టి, "వదినా, ఆ మందేదో నాకూ పంపు" అంది. చిన్న మరిది వసంతకుమార్, "మిషన్ అవుట్ అన్నా, గ్యారంటీ ఉండాదా? రిటర్న్ చెయ్." మళ్లీ రాజ్‌మోహన్: "మనిషి అంత తక్కువ బరువు ఎక్కడన్నా ఉంటుందా? సెన్సారు పోయింది."

లోకేశ్వరి చేతులు తుడుచుకుని నిదానంగా కొట్టింది: "మిషన్ బాగుండాది. ఎక్కింది మీ అమ్మ."

బృంద తన నవ్వుబొమ్మల్ని ఒక్కొక్కటే తీసేసింది.

వేళ కాకముందే రాజ్‌మోహన్ ఇంటికి వచ్చాడు. చొక్కా మీద గ్రీసు మరక, వచ్చిన తొందరలో చేతులు కూడా కడుక్కోలేదు. తాయమ్మాళ్ మెత్తని అన్నంలో నెయ్యీ రసమూ కలుపుకుని తింటోంది. పక్కనే లోకేశ్వరి తన పళ్లెంతో కూర్చుని ఉంది. అన్నం కొంచెమే, కీరై ఆకుకూర ఎక్కువ. ఆ ఇంట్లో ఆడవాళ్లు మగాడికంటే ముందు తినడానికి కూర్చోవడం కొత్త. ఆ సంగతి గమనించే స్థితిలో ఆయన లేడు. తల్లి మణికట్టునే చూస్తున్నాడు.

"ఏంమా, చెప్పకూడదా?"

"అడిగినావా?" అంది ముసలమ్మ, ముద్ద మింగి.

రాజ్‌మోహన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రీసు చేత్తోనే జేబులోంచి ఫోను తీశాడు. "సరి, ఏం పరవాలేదు. అమ్మ పేరు కూడా దీంట్లో ఎక్కిస్తాను. రోజూ పొద్దున నీవు దిగినాక అమ్మని ఎక్కించు లోకా. నేను చూసుకుంటాను."

నిజంగానే అన్నాడు. ప్రేమగా అన్నాడు. ముప్పయ్యేళ్లుగా మోటార్లని అట్లాగే కాపాడుకున్నాడు, మనుషుల్ని కూడా అట్లాగే కాపాడాలనుకుంటున్నాడు. ఆ మంచితనం ముందు లోకేశ్వరి మూడు నెలలు నోరు మూసుకుంది. నిజానికి ముప్పయ్యేళ్లు.

"ఒద్దు బావా."

"ఏం ఒద్దు?"

"అత్తకి కావాల్సింది మెత్తగా ఒండిన కూడు, తినేటప్పుడు పక్కన ఒక మనిషి. ఊరికే తగ్గిందా, లోపల ఏమన్నా ఉండాదా డాక్టరు చెప్తాడు. రేపు మీరే తీసుకొనిపోండి, నేను కాదు. నాది ఇంక రోజూ ఒద్దు. శుక్రవారం తలస్నానం చేసినాక ఒక మారు చూసుకుంటాను. మీ ఫోనులోంచి నా పేరు తీసేయండి."

"వారానికి ఒక మారా? మరి నీవు తగ్గినావా ఎక్కినావా, నాకెట్ల తెలుస్తుంది?"

మీకెందుకు తెలియాలి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఆమె వేరేమాట అంది.

"చూడండి బావా. ఇద్దరమూ ఎదురుగానే ఉండాము కదా."

ఆయన వేలు ఫోను మీద అటూ ఇటూ తిరిగింది. తీసేశాడో లేదో చెప్పలేదు. లోకేశ్వరి చెయ్యి చాపింది, ఇచ్చాడు. ఆమే తీసేసింది.

"రాజా," అంది తాయమ్మాళ్ రసం జుర్రుతూ, "నీవొక మారు ఎక్కరాదా? నీ పొట్ట ఎంతుండాదో నాకు రొంబ నాళ్లుగా చూడాలని."

"అది గ్యాస్ మా."

"అట్లనే చెప్పు."

డాక్టరు పరీక్షలన్నీ రాశాడు. అవి చూసి, భయపడాల్సింది ఏమీ లేదు, తిండి చాలడం లేదు అన్నాడు.

ఆ వారం లోకేశ్వరికి అనుకున్నంత సులువుగా పోలేదు. అంకె లేని పొద్దులు మొదట చుక్కాని లేని పడవల్లా ఉన్నాయి. మంగళవారం పొద్దున తెలియకుండానే ఒక కాలు పలక మీద పెట్టేసింది. ఎవరు చూడమన్నారు అని తనని తానే అడిగింది. ఎవరూ లేరు. ఈ చూడాలన్న ఆత్రం ఆయన ఫోనుతో పోలేదు, తనలోపలే కూర్చుంది. కాలు వెనక్కి తీసుకుని, వెళ్లి చెంబెడు నీళ్లు తాగింది. రాత్రి కూడా తాగింది. తలనొప్పి రెండు రోజులకి పోయింది. బుధవారం ముగ్గు వేసి లేచి, "అత్తా, గోడ పట్టుకోకుండా లేచినాను" అని లోపలికి గట్టిగా చెప్పింది. "విన్నాను, నాకు కాఫీ తే" అని సమాధానం వచ్చింది.

శుక్రవారం తలంటుకుని, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, గది తలుపు మూసింది. పలక మీదికి ఎక్కింది. దిగింది.

తలుపు తీసేసరికి హాల్లో రాజ్‌మోహన్ పేపరు చేతిలో పట్టుకుని ఉన్నాడు, చదవడం లేదు.

"ఎంత, లోకా?"

"చూసుకున్నాను" అంది లోకేశ్వరి.