టోపీ అంచున ఆగిన రైలు

ఇలా దగ్గరికి జరుగు నాయనా. ఆ అద్దానికి ముక్కు ఆనించినా ఏం కాదు, కాపలా మనిషి కునుకు తీస్తున్నాడు. గొంతు పెంచే ఓపిక నాకు లేదు.

నేను ఒక సినిమా ఫిల్ము ముక్కను. కొరియాలో నామ్ గీసోప్ అనే దర్శకుడు తీసిన సినిమా చివరి రీలులో పుట్టాను. ఆయన తీసినవన్నీ ఏడుపు సినిమాలే. యుద్ధం ముగిసిన కొత్తలో ఏడవడానికి ఏ ఇంట్లోనూ కారణాలకు కొదవ లేదు. అయినా జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మరీ ఏడ్చి వెళ్ళేవాళ్ళు. సొంత ఏడుపు ఇంట్లో దాచుకుని, పరాయివాళ్ళ ఏడుపు దగ్గర దాన్ని విప్పుకుంటారు మనుషులు.

మా కథ ఏమిటంటే, యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక పిల్ల అత్తగారింట్లో చాకిరీ చేస్తుంటుంది. బట్టలు కుట్టే ఒక మంచివాడు ఆమెను ఇష్టపడతాడు. ఊరు వదిలి పోతూ, స్టేషనుకు రమ్మంటాడు. ఆమె వస్తుంది. రైలు తలుపు కమ్మీ పట్టుకుని, ఒక్కసారి వెనక్కి చూస్తుంది. ఆ చూపే నేను.

ఆ తర్వాత ఆమె కమ్మీ వదిలేసి అత్తగారింటికే తిరిగిపోతుంది. సినిమాలకు అనుమతులిచ్చే సర్కారు పెద్దమనుషులు అలాగే ఉండాలన్నారు. నామ్‌గారు ఆమెను రైలెక్కించాలనుకున్నారు, సాగలేదు.

ఊళ్ళన్నీ తిరిగి తిరిగి ఒళ్ళంతా గీతలు పడ్డాక మమ్మల్ని తుక్కు కింద అమ్మేశారు. ఆ రోజుల్లో గడ్డి టోపీల అంచుకు పాత ఫిల్మే పట్టీగా చుట్టేవాళ్ళు. అంత ఏడిపించిన సినిమా ముక్కలు ముక్కలై, పొలాల్లో ఎవరెవరి తలలకో నీడ పట్టింది. సంతలో ఒక్‌బున్ అనే మిరపతోట మనిషి టోపీలు ఒక్కొక్కటే ఎండకు ఎత్తి చూసి, నన్ను చుట్టిన టోపీ దగ్గర ఆగిపోయింది. బేరమైనా ఆడకుండా కొనుక్కుంది.

ఏళ్ళు గడిచాయి. పట్టీగా చుట్టిన నేను వెలిసిపోయినా అలాగే ఉన్నాను, గడ్డి మాత్రం ఎన్నిసార్లు మారిందో. ఒక మధ్యాహ్నం కర్ర పోటు వేసుకుంటూ ఒక ముసలాయన తోట గట్టు మీదికి వచ్చాడు. నామ్‌గారే. తన సినిమాల్లో ఒక్కటీ మిగల్లేదట. మూతపడిన హాళ్ళ గోదాముల్లో ఏదైనా రీలు దొరుకుతుందేమోనని ఊరూరా అడుగుతున్నాడు.

కాయలు కోస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "అప్పట్లో మా కళ్ళు వాచేలా చేసింది నువ్వేనా? ఇప్పుడు నీ వంతు వచ్చిందయ్యా" అంది ఒకావిడ.

ఒక్‌బున్ మాత్రం ఆయన్ని నీడన కూర్చోబెట్టి, ఏ సినిమా అని అడిగింది. ఆయన సినిమా పేరు చెప్పీ చెప్పక ముందే ఆమె కథ అందుకుంది. అత్తగారి సాధింపులు, కుట్టుమిషను చప్పుడు, స్టేషనులో వాన, ఏదీ మరవలేదు. చివరికి, "ఆ పిల్ల రైలెక్కింది" అని ముగించింది.

ఆయన తల ఎత్తాడు. "ఎక్కడం నువ్వు చూశావా అమ్మా?"

"చూడలేదు. ఆఖరి బస్సు పోతుందని, ఆ పిల్ల వెనక్కి తిరగ్గానే లేచి వచ్చేశాను. కానీ ఎక్కకుండా ఎలా ఉంటుంది? అంత దూరం వచ్చింది కదా." చేతిలోని కాయ తొడిమ తుంచుతూ అంది, "నేనూ అప్పటికి మొగుడు పోయినదాన్నే. ఉప్పు అమ్మే ఆయన రమ్మంటున్నాడు. ఆ పిల్ల ఎక్కిందిలే అనుకునే, నేనూ ఇల్లు దాటాను."

అసలు ముగింపు ఆయన నోటిదాకా వచ్చింది. పెదవులు కదలడం నేను చూశాను. ఇంత వెతికినవాడికి నిజం చెప్పకుండా ఉండటం ఎంత కష్టం. "అవునమ్మా, ఎక్కింది" అన్నాడు.

అప్పుడు ఆమె టోపీ తీసి ఎండకు పట్టి చూపింది. ఆయన నన్ను చూశాడు. ఎంతమందినో ఏడిపించిన మనిషి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఒక్‌బున్ నన్ను మెల్లగా విప్పి ఆయన చేతిలో పెట్టి, టోపీకి పాత గుడ్డపీలిక కట్టుకుని మళ్ళీ కాయల్లోకి వంగింది.

ఆయన చనిపోయాక ఆయన కూతురు నన్ను తెచ్చి ఈ మ్యూజియంలో అప్పగించింది. నా కింద చీటీ మీద, కథానాయిక చివరికి అత్తవారింటికి తిరిగి వెళ్తుందని రాశారు. వచ్చినవాళ్ళు అది చదివి, అయ్యో అనుకుని, పక్క అద్దానికి వెళ్ళిపోతారు. వాళ్ళతో వాదించే సత్తువ నాకెక్కడిది? నాలో ఉన్నది ఒక్క చూపే. ఎక్కిందో, తిరిగిపోయిందో అందులో లేదు.

నువ్వు ఇంతసేపు విన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఒక్‌బున్‌ను మరచిపోకు. ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు, ఆ పిల్లను రైలెక్కించి చెప్పు నాయనా.